ఆవాహనకు వెల ఎవరు చెల్లింతురు?

పూజ ఆరంభమున దేవతను ఆవాహన చేయుట, ముగింపున ఉద్వాసన చెప్పుట వినాయకచవితినాడు తెలుగు ఇండ్లలో చిన్నపిల్లలు కూడ చూచు తంతు. పిలిచినవాడు పిలుపుతోనే చేతులు దులుపుకొనడు. వచ్చిన దేవతకు ఆసనము, అర్ఘ్యము, నైవేద్యము సమర్పించి గౌరవముతో సాగనంపవలెను. జానపద కథలలోని మాంత్రికుడు సయితము ఏదో ఒక బలి యీయనిదే క్షుద్రశక్తిని రప్పింపలేడు. ఇటువంటి విద్యయే జపానులో 1990 నుండి ఒక వీడియో గేముల వరుసలో విడువక కనబడుచున్నది. ఆ పిలుపునకు వెల యెంత, దానిని చెల్లించునది ఎవరు అను ప్రశ్నకు ఒక్కొక్క గేము ఒక్కొక్క విధముగ బదులు చెప్పినది. ఆ బదుళ్ళలో కొన్ని నిజమైన సమాధానములు, కొన్ని దాటవేతలు.

ఫైనల్ ఫాంటసీ అను ఈ వరుసలోని మొదటి గేమును స్క్వేర్ సంస్థ 1987 డిసెంబరు 18న నింటెండో వారి ఫామికామ్ యంత్రము కొరకు విడుదల చేసినది. రూపకర్తలలో ముఖ్యుడు హిరొనోబు సకగుచి. 2023 నాటికి అంకె వేసిన ప్రధాన గేములు 16 వెలువడినవి. వీనిని పాత్రధారణ క్రీడలందురు. అనగా, ఆటగాడు కొందరు వీరుల బృందమును నడపుచు వారి బదులు తానే నిర్ణయములు చేయును. ప్రతి వీరునికి సాధారణముగ రెండు అంకెలు ముఖ్యము. ఒకటి ప్రాణబలము; అది సున్న అయినచో వీరుడు పడిపోవును. రెండవది మంత్రబలము, మంత్రము వేసినపుడెల్ల అందులో కొంత తరుగును. ఒక గేములోని లోకమునకు మరియొక గేములోని లోకముతో సాధారణముగ సంబంధముండదు. పాత్రలు మారును, కథ మారును. మారక మిగులునవి కొన్ని పేర్లు, కొన్ని రూపములు మాత్రమే. పిలిచిన వచ్చి పోరాడు మాయామృగములు వానిలో ముఖ్యమైనవి. ఒకే ప్రయోగమును పరిస్థితులు మార్చి పలుమార్లు చేసి చూచినట్లు, ఒకే విద్యను వేర్వేరు లోకములలో పెట్టి చూచుటకు ఈ వరుస మంచి అవకాశము కల్పించుచున్నది.

శక్తి నిత్యత్వ సూత్రము చదివిన విద్యార్థి ఏ యంత్రమును చూచినను దీనికి శక్తి ఎచట నుండి వచ్చుచున్నదని అడుగును. కల్పిత లోకము జౌల్ లెక్కకు లొంగవలెనని ఎవరును కోరరు. తన లెక్కకు తాను కట్టుబడియున్న చాలును. గేము రెండు నోళ్ళతో మాటలాడును. ఒకటి కథ, రెండవది నియమము. “ఇది ఘోరమైన త్యాగము” అని కథ పలుకుచుండగా, “కొంచెము మంత్రబలము చాలును, మరల నొక్కుము” అని నియమము పలికినచో, ఆటగాని వ్రేలు వినునది రెండవ మాటనే. ఆవాహన విద్య చరిత్రయంతయు ఈ రెండు నోళ్ళ మధ్య తగవుగ చూడవచ్చును.

మొదటి రెండు గేములలో ఆవాహన లేదు. మొదటి దానిలో బహమూత్ అను నాగరాజు ఉన్నాడు గాని, అతడు పిలువగా వచ్చువాడు కాడు. గుహలో కూర్చుండి వీరుల ధైర్యమును పరీక్షించి పైస్థాయికి పంపువాడు. 1990లో వచ్చిన మూడవ గేములో ఆవాహన మొదటిసారి ప్రవేశించినది. ఇందు పిలువదగినవి 8. ఇదొక వింత సంత. ఇఫ్రిత్ అరబ్బుల కథలవాడు, ఓడిన్ ఉత్తర ఐరోపా దేవుడు, లెవియతాన్ హీబ్రూ గ్రంథములలోని సముద్ర సర్పము. బహమూత్ అరబ్బుల విశ్వవర్ణనలో భూమిని మోయు పెద్ద చేప. 1970 దశకములో అమెరికాలోని డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట అతనిని నాగముగ మార్చగా, జపాను ఆ రూపమునే తీసికొన్నది. తెలుగు విద్యార్థి ఉలికిపడునది శివ పేరు కడ. ఇందు శివ ఒక స్త్రీ. ఆమె ఆయుధము మంచు. పేరు దేశములు దాటునపుడు అర్థమును గడప లోపలనే వదలి పోవుట భాషాశాస్త్రములో కొత్త సంగతి కాదు. కాని ఇంత నిశ్చింతగ వదలి పోయిన పేరు అరుదు.

మూడవ గేములో వెల సంగతి ఇంకను పుట్టలేదు. అయినను అందొక చక్కని ఊహ యున్నది. ఆవాహన విద్యలో క్రింది మెట్టున నున్నవాడు పిలిచినచో వచ్చినది ఏమి చేయునో ముందుగ తెలియదు. రెండు ఫలితములలో ఏదో ఒకటి యాదృచ్ఛికముగ జరుగును. శివ వచ్చి శత్రువులను నిద్రపుచ్చవచ్చును, లేదా మంచుతో కొట్టవచ్చును. చొకోబో అను పెద్ద పక్షి వచ్చి శత్రువును తన్నవచ్చును, లేదా బృందమును యుద్ధము నుండి పారిపోజేయవచ్చును. పైమెట్టు ఎక్కినవానికే నిశ్చితమైన మూడవ ఫలితము దక్కును. పిలుచుట వేరు, వశము చేసికొనుట వేరు అను భేదమును ఒక్క మాట చెప్పకనే నియమము చెప్పినది. తరువాత వచ్చిన ఆడంబరమైన గేములు ఈ చిన్న ఊహను మరచుట నష్టమే.

1991లో నాల్గవ గేము వచ్చినది. ఆవాహనకు కథలో ప్రాణము పోసినది ఇదియే. బారన్ రాజ్యపు సేనాని సెసిల్ రాజాజ్ఞ ననుసరించి మిస్ట్ అను గ్రామమునకు ఒక ఉంగరము తీసికొని పోవుచు, దారిలోని గుహలో పొగమంచు నాగమును చంపును. గ్రామము చేరగనే ఉంగరము నుండి అగ్నిభూతములు వెలువడి ఊరిని కాల్చివేయును. అచట రిడియా అను పసిపిల్ల తల్లి శవము కడ ఏడ్చుచుండును. నాగమును పిలిచినది ఆ తల్లియే. నాగము చచ్చుటతో ఆమెయు చచ్చినది. పిలిచినవారికిని వచ్చినదానికిని ప్రాణము ఒకటే అను ఈ ఊహ గొప్పది. దుఃఖములో ఆ పిల్ల టైటన్‌ను పిలువగా భూమి కంపించును. తరువాత రిడియా లెవియతాన్ నోట పడి మాయామృగముల లోకము చేరి, కాలము వేరుగ నడచు ఆ చోట పెరిగి పెద్దదై తిరిగి వచ్చును. ఆ లోకపు రాణి అసుర. ఆమెకు మూడు ముఖములు. నారా నగరములోని కోఫుకుజి ఆలయమందు 8వ శతాబ్దపు మూడు ముఖముల అసుర విగ్రహము ప్రసిద్ధము. భారతదేశము నుండి బౌద్ధముతో పోయిన పేరు ఇచట రూపమును కూడ కొంత నిలుపుకొన్నది.

కాని నియమము సంగతి చూడుడు. యుద్ధములో రిడియా చెల్లించునది కొంత మంత్రబలము, కొంచెము నిరీక్షణము. పిలువబడిన మృగము గాయపడదు, చావదు. తల్లి ప్రాణము తీసిన బంధము కూతురి చేతిలో జాడ లేక పోయినది. అంతకన్న వింత, పెరిగి వచ్చిన రిడియా మొదట పిలుచునది ఆ పొగమంచు నాగమునే. అది ఎట్లు బ్రతికెనో అడుగు అవకాశమును గేము ఆటగానికి ఈయదు.

1992 నాటి ఐదవ గేములో ఆవాహన ఎవరైనను నేర్వదగిన వృత్తి యైనది. అందు గుర్తుంచుకొనదగినది సిల్డ్రా ఒక్కటియే. ఫారిస్ అను ఓడదొంగల నాయకురాలి ఓడను లాగిన సముద్రనాగమది. చనిపోయిన పిదప ఆవాహనకు వచ్చును.

1994లో వచ్చిన ఆరవ గేము వెల ప్రశ్నను నడిబజారులో పెట్టినది. ఇందు మాయామృగములు వేరొక లోకములో దాగియున్న జాతి. గెస్తాల్ చక్రవర్తి సైన్యము వారిని పట్టితెచ్చి వెక్టర్ నగరములోని కర్మాగారమున గాజు గొట్టములలో బంధించి, వారి నుండి మంత్రశక్తిని తోడి సైనికులకు ఎక్కించుచుండును. సారము పోయినవారిని పిప్పివలె పారవేయుదురు. అట్లు పారవేయబడిన వారిలో ఇఫ్రిత్, శివలు కూడ నుందురు. గతములో ఆట ఆడినవారికి వారు దేవతలు. ఇచట వారు కర్మాగారపు చెత్త. ఒక ఇంధనము వెలుగును మాత్రమే చూచినవానికి గని లోపలిని చూపినట్లున్నదీ దృశ్యము.

అయితే ఆ మృగములు చనిపోయినచో శక్తి అంతయు ఒక మంత్రశిలగ ఘనీభవించును. ప్రాణముతో నున్నపుడు తోడుకొను శక్తి కన్న అది ఎక్కువ. రామూ అను వృద్ధుడు ఈ రహస్యము చెప్పి, వీరుల కొరకు తన ప్రాణము విడిచి శిలయగును. తరువాత కర్మాగారములోని వారును అట్లే చేయుదురు. ఇచట విమర్శకుడు ఆగి చూడవలెను. శత్రువు బలవంతముగ తీసికొన్నదానిని వీరులు దానముగ పుచ్చుకొనిరి. కథ ఈ భేదమును స్పష్టముగనే చెప్పినది. కాని నియమము ప్రకారము ఆటగాడు చేయునదేమి? శిలను ఒక వీరునికి తగిలించును. యుద్ధములు గెలిచిన కొలది ఆ శిలలోని మంత్రములు నూటికి ఇంత చొప్పున వీరునికి వచ్చును. నూరు నిండగనే శిలను విప్పి మరియొకనికి తగిలించును. శిలలోనివానిని పిలుచు అవకాశము యుద్ధమునకు ఒక్కసారి యున్నది గాని, అది లేకున్నను ఆట సాగును. అనగా రామూ ఒక బడిపుస్తకము వంటివాడు; పాఠము వచ్చిన పిదప పెట్టెలో పడును. చక్రవర్తి చేసిన పనికిని దీనికిని ఉన్న దూరము కథ చెప్పినంత పెద్దది కాదు. రూపకర్తలు దీనిని ఎరిగి చేసిరో ఎరుగక చేసిరో నిర్ణయింప నక్కరలేదు. ఆ ఇరకాటము గేములో ఉన్నది. ముగింపులో లోకము నుండి మంత్రమంతయు అంతరించి శిలలన్నియు పగులునపుడు, ఆటగాడు శ్రమించి చేర్చినదంతయు పోవును. ఈ గేము వెల చెల్లించినదనుటకు ఆ ముగింపే ఆధారము.

1997 నాటి ఏడవ గేము ప్లేస్టేషన్ యంత్రముపై మూడు కొలతల చిత్రములతో వచ్చి ప్రపంచమంతటను పేరు పొందినది. ఆవాహన విషయములో మాత్రము అది ఒక అడుగు వెనుకకు వేసినది. భూగోళపు జీవధారను తోడి విద్యుచ్ఛక్తి చేయు షిన్రా సంస్థను కథ తప్పు పట్టును. ఆ జీవధారయే గడ్డకట్టిన ఎర్రని మెటీరియా గుండ్లతో వీరులు మృగములను పిలుచుచుందురు. ఆ సంగతిని గట్టిగ అడిగినవారు లేరు. దాని బదులు దృశ్యవైభవము పెరిగినది. నైట్స్ ఆఫ్ ది రౌండ్ అను పిలుపునకు 13 మంది యోధులు వరుసగ వచ్చి ఒక్కొక్క దెబ్బ కొట్టి పోవుటకు ఒక నిమిషమునకు పైగ పట్టును. మొదటిసారి ఆశ్చర్యము, ఐదవసారి కాఫీ కలుపుకొని వచ్చుటకు వ్యవధి. ఆటగాడు నిజముగ చెల్లించిన వెల తన కాలమే అనవచ్చును.

1999లో ఎనిమిదవ గేము సాహసించినది. ఇందు సైనిక విద్యార్థులు గార్డియన్ ఫోర్స్ అను శక్తులను తమ మనస్సుతో ముడివేసికొందురు. పిలుచుటకు మంత్రబలము ఖర్చు లేదు. పిలుపు ఫలించు లోపల తగిలిన దెబ్బలను ఆ శక్తియే తన మీద వేసికొనును. ఇంత చౌకగ దొరకిన దానికి వెల ఎచట అని ఆటగాడు అనుమానించు వేళకు, ఒక బడి శిథిలముల నడుమ ఇర్విన్ అను కుర్రవాడు అసలు సంగతి చెప్పును. ఆ శక్తులు మెదడులో చోటు చేసికొనుట వలన జ్ఞాపకములు తరిగిపోవుచున్నవి. ఒకే అనాథశాలలో కలిసి పెరిగినవారు ఒకరినొకరు మరచిరి. ఊహ అపూర్వమైనది. కాని ఆ మాట విన్న పిదప గూడ ఆటగాని పట్టికలో ఏ అంకెయు తగ్గదు, ఏ మంత్రమును మరుపునకు రాదు. ఒక్కొక్క పిలుపునకు పటములోని ఒక ఊరి పేరు చెరిగిపోయినచో ఎట్లుండెడిదో! కథ విలువైన మాట చెప్పినది, నియమము చెవిటిదైనది.

2000 నాటి తొమ్మిదవ గేము కథలో ఆవాహన యుద్ధాయుధమైనది. బ్రానె రాణి గార్నెట్ రాకుమారి నుండి మృగములను బలవంతముగ లాగికొని, ఓడిన్‌తో క్లెయ్రా నగరమును నేలమట్టము చేయించును. ఆమె బహమూత్‌ను ప్రయోగించినపుడు శత్రువైన కూజా దానిని తన వశము చేసికొని ఆమె మీదికే త్రిప్పును. ఉద్వాసన చెప్పలేనివాడు ఆవాహన చేయరాదను పెద్దల మాట ఇచట తెర మీద కనబడును.

2001లో పదవ గేము వచ్చినది. కథయు నియమమును ఒకే మాట మాటలాడుట ఈ వరుసలో ఇచట కనబడినంతగ మరెచటను కనబడదు. స్పైరా అను లోకమును సిన్ అను మహామృగము మాటిమాటికి ధ్వంసము చేయుచుండును. యూనా అను యువతి గుడి వెంట గుడి దర్శించి, ప్రతి గుడిలో ప్రార్థించి ఒక్కొక్క మృగమును పొందును. ఆ మృగములు ఎవరో కావు. పూర్వము కొందరు మనుష్యులు ఇష్టపూర్వకముగ ప్రాణములిచ్చి శిలలలో నిలిచిరి. వారు కను కలలే ఆ రూపములు. యాత్ర చివర లభించు మహాశక్తితో సిన్ చచ్చును. పిలిచిన స్త్రీయు చచ్చును. ఆ మహాశక్తిగ మారునది ఆమెకు ప్రియమైన తోడు. అదియే మరల కొత్త సిన్ అగును. కొన్నేండ్ల శాంతికి ఇంత వెల. యాత్ర పొడుగున ఊరి జనము యూనాను నవ్వుచు ఆశీర్వదింతురు. ఆమె చావబోవునని వారికందరకు తెలియును. తెలియనివాడు కథానాయకుడు టీడస్ ఒక్కడే, అతనితో పాటు ఆటగాడు.

నియమమును ఇచట మారినది. పిలిచిన మృగము ఒక్క దెబ్బ కొట్టి మాయమగుట లేదు. బృందము ప్రక్కకు తొలగును; మృగము దాని స్థానమున నిలిచి ఆటగాని ఆజ్ఞతో పోరాడును. దానికి తన ప్రాణబలము కలదు, అది పడిపోవును కూడ. ఆటగాడు దానికి పేరు పెట్టవచ్చును, విద్యలు నేర్పవచ్చును. యూనా, ఆమె సహచరులు ఆ పాత బలిని కాదన్న పిదప, కథాంతమున యూ యెవన్ అను పిశాచము ఆ మృగములను ఒక్కొక్కదానిని ఆవేశించును. యూనా తాను పెంచిన ప్రతి మృగమును తానే పిలిచి, తన బృందము చేతనే చంపింపవలెను. ఎంత శ్రద్ధతో పెంచిన మృగము అంత గట్టిగ ఎదురు తిరుగును. గమనింపదగినదేమనగా, ఆ ఘట్టములో ఓటమి లేదు. వీరులు పడిపోయినను తిరిగి లేతురు. గెలుపోటముల ఉత్కంఠ తీసివేసి, చేయవలసిన పనిని మాత్రమే మిగిల్చినారు. దానిని సులభమైన యుద్ధమని ఎగతాళి చేయువారు అది యుద్ధము కాదని, ఉద్వాసన అని గ్రహింపలేదు.

2002లో అంతర్జాలము ద్వారా పలువురు కలిసి ఆడు పదకొండవ గేము కథ కన్న లెక్కను నమ్మినది. మృగము నిలిచియున్నంత సేపును పిలిచినవాని మంత్రబలము క్షణక్షణము తరుగుచుండును. దీపమునకు నూనె వలె అన్నమాట. పిలుచుటకు మాత్రమే కాక నిలుపుటకు గూడ శక్తి కావలెనను ఈ నియమము భౌతికశాస్త్రపు ఉపాధ్యాయుని సంతోషపెట్టును. పన్నెండవ గేములో 13 మాయామృగములున్నవి, 2009 నాటి పదమూడవ దానిలో ఆశ కోల్పోయిన వీరునికి కనబడి, అతనిని పరీక్షించి, పిమ్మట వాహనములుగ మారు మృగములున్నవి. శివ మోటారు సైకిలుగ మారుట చూచిన పిదప ఆ గేము గురించి ఎక్కువ చెప్ప బుద్ధి పుట్టదు.

పదునాల్గవ గేము 2010లో వచ్చి విఫలమైనది. 2012 నవంబరులో నిర్మాతలు దానిని మూసివేయుచు, ఆకాశము నుండి దిగిన బహమూత్ ఆ లోకమును దగ్ధము చేసినట్లు చూపి, 2013లో కొత్తదానిని తెరచిరి. ఇందలి ఆవాహన విచారము నిజముగ శాస్త్రీయమైనది. కష్టములో నున్న తెగలు స్ఫటికములు పోగుచేసి ప్రార్థించినచో వారి కోరికయే దేవతగ రూపొందును. ఆ రూపమునకు కావలసిన శక్తి భూమి నుండి వచ్చును. దేవత నిలిచిన కొలది నేల నిస్సారమగును. దరి చేరినవారి మనస్సు దేవతకు బానిస యగును. ఇఫ్రిత్, టైటన్, గరుడలతో పాటు తరువాత రావణుడు, లక్ష్మియు ఇట్టి దేవతలుగ వచ్చిరి. ఆటగాడును ఆవాహన నేర్వవచ్చును. కాని అతడు పిలుచునది ఓడిన దేవత మిగిల్చిన శక్తి శకలముతో చేసిన చిన్న రూపమును మాత్రమే. పాత గేములలో ఉచితముగ వచ్చిన ఇఫ్రిత్‌కు నేల ఎంత చెల్లించెనో ఇచట తెలియును.

2016 నాటి పదునైదవ గేము ఆటగాని చేతి నుండి పిలుపునే తీసివేసినది. దేవతలు తమకు తోచినపుడు, తగిన చోట మాత్రమే వత్తురు. రానిచో చేయునది లేదు. వారిని మేల్కొలుపు లూనాఫ్రేయా ఒక్కొక్క దేవతతో క్షీణించుచుండును. వెల చెల్లించునది ఆమె. కాని ఆమె ఎక్కువ కాలము తెర వెనుకనే యుండుట వలన ఆ క్షీణత ఆటగానికి వార్తగ మాత్రమే చేరును.

2023 జూన్ 22న వచ్చిన పదహారవ గేములో మృగమును పిలుచువారు లేరు. మనుష్యుడే మృగముగ మారును. ఈ లోకములో దేహముతో మంత్రము ప్రయోగించినవారి శరీరము కొంచెము కొంచెముగ రాయిగ మారును. మంత్రము పుట్టుకతో వచ్చినవారిని ముఖముపై ముద్ర వేసి బానిసలుగ వాడుకొని, రాయి యైనపుడు విసరివేయుదురు. మహాస్ఫటికములు నేలసారము త్రాగుచున్నవి, పొలములు బూడిద యగుచున్నవి. ఆరవ గేములోని కర్మాగారము ఇచట దేశమంత విస్తరించినది. కథ దృష్ట్యా ఇంతకన్న నిష్కర్షగ వెల చెప్పిన గేము ఈ వరుసలో లేదు.

నియమము దృష్ట్యా మాత్రము ఇది మిక్కిలి ఉదారమైనది. మంత్రబలము అను అంకెయే ఇందు లేదు. నాయకుడు క్లైవ్ చేతి నుండి ఆటగాడు నిప్పులు ఎన్ని వేల సార్లు రువ్వినను తరుగునది ఏమియు కనబడదు. పెద్ద ప్రయోగమునకు కొన్ని క్షణముల విరామము చాలును. ఎనిమిదవ గేములో చెవిటిదైన నియమమునకు 24 ఏండ్ల తరువాత గూడ వినికిడి రాలేదు. చివరి దృశ్యములో సముద్రతీరమున పడియున్న క్లైవ్ వ్రేళ్ళు రాయిగ మారుచుండును. ఆ సమయమున ఆటగానికి నొక్కుటకు మీట యేదియు ఉండదు.